ఇన్‌ఫ్లుయెంజా కణగర్భమును చొచ్చు విధము

చలికాలమందును, వానలు పడునప్పుడును మన చిత్తూరు సీమలో దగ్గును పడిసెమును లేని యిల్లు కానరాదు. పిల్లలు బడినుండి తెత్తురు; పెద్దలు సంతనుండియు రైలుబండినుండియు తెత్తురు; కొండకు వచ్చు యాత్రికుల సమ్మర్దములో ఎవరినుండి యెవరికి సోకినదో తెలియనే తెలియదు. ఇంటిలో ఒకరికి వచ్చిన మూడవనాటికి తక్కినవారును మంచ మెక్కుదురు. దీనిని కొందఱు చలిజ్వర మందురు, కొందఱు విషజ్వర మందురు, చదువుకొన్న పిల్లలు ఫ్లూ అందురు. సామాన్యమైన పడిసెము వేఱు, ఇన్‌ఫ్లుయెంజా వేఱు. పడిసెము చాలవఱకు ముక్కుతో మొదలై ముక్కుతోనే ముగియును. ఇన్‌ఫ్లుయెంజా యన్ననో హఠాత్తుగా పెనుజ్వరముతో వచ్చి, కండలను కీళ్లను నొప్పించి, వృద్ధులకును పసివారికిని గర్భిణులకును ఊపిరితిత్తులవఱకు దిగి ప్రాణాపాయము గూడ తెచ్చును.

ఈ వ్యాధి స్వభావమును ముఖ్యముగా స్త్రీలు తెలిసికొనవలసిన కారణ మొకటి కలదు. 1918వ సంవత్సరమున ఇది బొంబాయి రేవున తలయెత్తి, ఆ యేటి శరత్కాలమునకు మరింత క్రూరమై దేశమంతటను వ్యాపించినది. నాటి హిందూదేశమున దీనికి బలియైనవారు 1 కోటి 20 లక్షలకు తక్కువ కారని చరిత్రకారులు లెక్కించుచున్నారు. ఆ మరణములలో పురుషులకంటె స్త్రీల పాలే హెచ్చుగా నుండెను. రోగి ప్రక్కను కూర్చుండువారు స్త్రీలు. గంజి కాచి పోయువారు స్త్రీలు. అందఱు తినగా మిగిలినది తినువారును స్త్రీలే. రోగము సులభముగా సోకుటకును, సోకిన తరువాత తట్టుకొనలేకపోవుటకును ఇంతకంటె వేఱు కారణము లేల? అప్పటికి ఈ రోగమును కలిగించున దేదియో లోకమున నెవరికిని సరిగా తెలియదు. 1933లో లండను నగరమున విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు పండితులు, రోగి గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అను ముంగిసవంటి జంతువుల ముక్కులలో వేసి, అవి జబ్బుపడుట చూచి, ఇది వైరసు వలన వచ్చు వ్యాధియని స్థాపించిరి.

మే మీ విషయములు చెప్పుచుండగా మా వీధిలోని అక్కగా రొకరు, “చెల్లీ, ఒంటిలోపల ఏమి జరిగిన మనకేమి? మిరియాల కషాయము కాచి యిచ్చి, నుదుట తడిగుడ్డ వేయుటయేగదా మన పని?” అనిరి. “అక్కా, దొంగ యే దారిని వచ్చెనో తెలిసినగదా గడియ యెక్కడ వేయవలెనో తెలియును” అంటిమి. ఆ దారినే ఇచట వివరింప బూనితిమి.

కణమను గృహము

మన శరీరము కోట్లకొలది కణములతో కట్టబడినది. ఒక్కొక్క కణము ఒక్కొక్క యిల్లు వంటిది. మన పాతయిండ్లలో ముందు వీధివాకిలి యుండును. అది దాటిన నడవ. నడవ దాటిన నట్టిల్లు. ఇంటి పత్రములు, నగలు, విలువగలవన్నియు నట్టింటిలోనే యుండును. కణమునకును బయట నొక పొర కలదు, అది వీధిగోడ. లోపల ద్రవముతో నిండిన నడవ కలదు. వంట, వడ్డన, పనిపాటులన్నియు నిచటనే జరుగును. నడుమ మఱియొక జంటపొర గల గది కలదు. దానినే కేంద్రక మందురు. మన తల్లిదండ్రుల పోలికలు, మన యొడలి నిర్మాణ రహస్యములు అన్నియు వ్రాసియున్న గ్రంథము అందు భద్రపఱుపబడియుండును.

ఆ గ్రంథము గది విడిచి బయటకు రాదు. ఏ మాంసకృత్తు కావలసినను దానికి సంబంధించిన భాగమును గదిలోనే నకలు వ్రాసి, ఆ నకలును నడవలోనికి పంపుదురు. ఆ నకలు పేరు ఆర్.ఎన్.ఏ. నడవలోని పనివారు దానిని చదివి మాంసకృత్తును తయారుచేయుదురు. కావున నట్టింటి గోడకు ద్వారములు తప్పవు. అట్టి ద్వారములు ఒక్కొక్క కేంద్రకమునకు వేలకొలది కలవు.

ఈ ద్వారముల కాపుదల చిత్రమైనది. అణువుల బరువును డాల్టనులలో కొలుతురు. సుమారు 40 వేల డాల్టనులకు లోబడిన చిన్న పదార్థములు అడ్డులేక వచ్చిపోవును. అంతకంటె పెద్దవానిని ద్వార మడ్డగించును. మఱి పెద్ద మాంసకృత్తులు లోనికి పోవు టెట్లు? వానిపై నొక గుఱుతుండవలెను. 1984లో ఇంగ్లండు దేశపు పరిశోధకులు కోతుల కణములందు పెరుగు వేఱొక వైరసులో ఈ గుఱుతును కనుగొనిరి. అది వరుసగా నున్న ఏడు ఆమినో ఆమ్లముల పేరు మాత్రమే. అందులో ముఖ్యమైన ఒక్కటి మారినను ఆ మాంసకృత్తు గుమ్మము బయటనే నిలిచిపోయినది.

ఆ గుఱుతును గుర్తించి చేయిపట్టుకొని లోనికి తీసికొనిపోవు పరిచారకులు కొందఱు కలరు. వారి పేరు ఇంపోర్టినులు. వారిలో ఆల్ఫా యనువాడు గుఱుతును చూచి పట్టుకొనును. బీటా యనువాడు ఆ యిద్దఱిని ద్వారమునుండి లోనికి నడిపించును. లోపల రాన్ అను మఱియొక మాంసకృత్తు ఎదురువచ్చి, వారి చేతిలోని బరువును దింపించి, వారిని మరల బయటకు పంపివేయును. వచ్చినవా డెవడు, ఏ యింటివాడు, ఏ పనికి వచ్చెను అని వారు విచారింపరు. గుఱుతు కలదా లేదా యని మాత్రమే చూతురు. ఇన్‌ఫ్లుయెంజా కథయంతయు ఈ యొక్క మాటలో ఉన్నది.

వీధివాకిలి దాటుట

ఇన్‌ఫ్లుయెంజా వైరసు మిక్కిలి సూక్ష్మమైనది. వరుసగా పేర్చిన ఒక మిల్లీమీటరులో సుమారు 10 వేలు పట్టును. దాని మేనియంతట కొమ్మలవలె మాంసకృత్తులు నిలిచియుండును. అందు హీమగ్లుటినిన్ అనునది మన గొంతులోను ఊపిరి గొట్టములలోను ఉన్న కణములపైనుండు ఒక చక్కెరపదార్థమును పట్టుకొనును. కణము దానిని ఆహారమనుకొన్నట్లుగా, పొరతో సంచివలె చుట్టి లోనికి తీసికొనును.

ఆ సంచి లోపలికి పోయినకొలది పులియును. ఆ పులుపే వైరసునకు సంకేతము. పాలలో నిమ్మరసము పిండిన పాలు విరిగినట్లు, పులుపు తగిలినంతనే హీమగ్లుటినిన్ రూపు మార్చుకొని, వైరసు పొరను సంచి పొరతో కలిపివేయును. అదే సమయమున ఎం2 అను చిన్న గొట్టముద్వారా పులుపు వైరసు లోపలికిని పాఱును. అప్పుడు లోపలి కవచమైన ఎం1 అను మాంసకృత్తు సడలును. 1991లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున పరిశోధించిన మార్టిన్, హెలెనియస్ అనువారు ఈ సడలుటయొక్క విలువను తెలిపిరి. ఎం1 అంటిపెట్టుకొనియున్నంతవఱకు లోపలి సరకు కేంద్రకములోనికి పోజాలదు. అది విడిపోయినగాని దారి యేర్పడదు.

విడిపోయిన తరువాత నడవలో పడునవి ఎనిమిది కట్టలు. వైరసుయొక్క వంశలిఖితము ఒక్క పొడవైన దారముగా గాక, ఎనిమిది ముక్కలుగా నుండును. ఒక్కొక్క ముక్క ఆర్.ఎన్.ఏ. దారము. ఆ దారమంతయు ఎన్.పి. అను మాంసకృత్తు పూసలకు చుట్టుకొని, పూసలదండవలె నుండును. దండ కొనయందు పి.బి.1, పి.బి.2, పి.ఎ. అను మూడు మాంసకృత్తులు కూడిన యంత్ర మొకటి అంటియుండును. ఒక్కొక్క పూస బరువు సుమారు 56 వేల డాల్టనులు. అట్టి పూసలు పదులకొలది గ్రుచ్చిన దండ 40 వేల హద్దుగల ద్వారమున తనంతట తాను దూరుట కల్ల.

నట్టింటిలో దానికేమి పని?

ఇచట నొక సందేహము పొడమును. అంత కష్టపడి నట్టింటిలోనికి పోనేల? ఆర్.ఎన్.ఏ. జాతి వైరసులలో పెక్కింటికి ఆ యక్కఱయే లేదు. పిల్లల నంగవికలురను చేసిన పోలియో వైరసు, తట్టు వైరసు, 2020లో మన యిండ్లను మూయించిన కరోనా వైరసు, ఇవన్నియు నడవలోనే కూర్చుండి తమ పని చక్కబెట్టుకొనును. ఇన్‌ఫ్లుయెంజాకు మాత్రము నట్టింటిలో దొంగిలింపవలసిన వస్తువు కలదు.

మన కణములో వ్రాయబడిన ప్రతి నకలు తలపైనను ఒక ముద్ర యుండును. టపాలోని యుత్తరమునకు స్టాంపు వంటిది. ముద్ర లేని నకలును నడవలోని పనివారు మన్నింపరు. ఇన్‌ఫ్లుయెంజాకు ఆ ముద్ర తయారుచేయు శక్తి లేదు. అందుచేత నట్టింటిలో అప్పుడే వ్రాయబడిన మన నకళ్లకడకు పోయి, పి.బి.2 ముద్రను పట్టుకొనును, పి.ఎ. కత్తెరవలె దాని క్రింద పది పదమూడక్షరముల దూరమున కత్తిరించును, పి.బి.1 ఆ ముక్కకు తన వ్రాతను అతికి పొడిగించును. మన స్టాంపుతో తన యుత్తరము నడవలోనికి పోవును. పనివారు అది ఇంటివారి యాజ్ఞయే యనుకొని వైరసు మాంసకృత్తులను వండి వార్తురు. ఇది గాక, వైరసు వ్రాతలలో రెండింటిని నడుమ కత్తిరించి కలుపవలసియుండును. ఆ కత్తిరింపు పనివారును నట్టింటిలోనే యుందురు. ఈ రెండు కారణముల వలన అది కేంద్రకమును చొరక తప్పదు.

గుఱుతు చూపి లోనికి పోవుట

మరల ద్వారముకడకు వత్తము. పూసలైన ఎన్.పి. మాంసకృత్తుల మొదటి కొనయందే, మన సొంత మాంసకృత్తులకు ఉండునట్టి ప్రవేశపు గుఱుతు కలదు. ఇంపోర్టిన్ ఆల్ఫా దానిని చూచి, తన వారే యని చేయిపట్టుకొనును. 1995లో న్యూయార్కు నగరమున ఓనీల్, పాలీజ్ అను పరిశోధకులు ఈ ఎన్.పి.ని ఎరగా వేసి, మానవకణములో దానిని పట్టుకొనున దెవ్వరని వెదకగా, చిక్కినవాడు ఆ ఇంపోర్టిన్ వంశమువాడే. ఆ సంవత్సరముననే వారును, వారితోడివారును మఱియొక సంగతి చూపిరి. వైరసు ఆర్.ఎన్.ఏ.ను వట్టిగా ద్వారముకడ నుంచిన నది లోనికి పోదు. ఎన్.పి.తో కూడినప్పుడు మాత్రమే, పరిచారకుల సాయముతో, లోనికి పోవును. దారమునకు సొంతముగా ప్రవేశము లేదు. పూసల గుఱుతే దానికి చీటి. కణములో పడిన గంటలోపలనే ఈ కట్టలు నట్టింటిలో కానవచ్చును.

వేషముల సంగతి మన తిరుపతివారికి క్రొత్త గాదు. గంగజాతరలో ఏనా డే వేషమో, ఏ వేషమున కేమి ముఖచిత్రణమో చిన్నపిల్లలకును తెలియును. వేషమునకు చీరలు, రంగులు, కిరీటములు కావలెను. ఇన్‌ఫ్లుయెంజాకు అంత శ్రమయు లేదు. పట్టుమని పదిపదునై దామినో ఆమ్లముల వరుస చాలును.

ప్రవేశము ఒక్కసారితో ముగియదు. నడవలో క్రొత్తగా వండబడిన వైరసు మాంసకృత్తులు రెండవమాఱు నట్టింటిలోనికి రావలెను. అప్పుడుగదా క్రొత్త కట్టలు తయారగుట! ఈ రెండవ ప్రవేశమున ఒక్కొక్కదానికి ఒక్కొక్క తోడు. ఎన్.పి. తన గుఱుతుతో తాను వచ్చును. పి.బి.1, పి.ఎ. అనునవి బయటనే జతగూడి, ఇంపోర్టిన్ 5 అను వేఱొక పరిచారకుని చేయిపట్టుకొని వచ్చును. పి.బి.2 ఒంటిగా ఇంపోర్టిన్ ఆల్ఫా వెంట వచ్చి, లోపల ఆ జంటతో కలియును. యంత్రపు మూడు భాగములు వేర్వేఱుగా గుమ్మము దాటి, నట్టింటిలో బిగింపబడుచున్నవన్నమాట. ఎం1 గూడ తన గుఱుతుతో లోనికి వచ్చును. ఎన్.ఇ.పి. అనునది మిక్కిలి చిన్నది గనుక అడ్డులేక దూరగలదు. క్రొత్త కట్టలు సిద్ధముకాగానే ఈ చివరి రెండును వానికి తోడై, బయటకు పంపు మన కణపు పరిచారకునిచేతనే నడవలోనికి మోయించుకొనిపోవును. హీమగ్లుటినిన్, న్యూరమినిడేస్, ఎం2 అను మూడు మాత్రము నట్టింటి ముఖము చూడవు. అవి తిన్నగా వీధిగోడకు పోయి, అచట క్రొత్త వైరసు రాకకై వేచియుండును.

దేవతల పంక్తిలో రాహువు

అమృతము పంచునాడు రాహువు దేవతారూపము దాల్చి పంక్తిలో కూర్చున్న కథ మన మెఱిగినదే. సూర్యచంద్రులు గుర్తించి సైగచేసిరి గనుక మోసము బయటపడెను. మన కణములందును అట్టి కనిపెట్టువారు కలరు. పరాయి ఆర్.ఎన్.ఏ.ను పసికట్టినంతనే వారు హెచ్చరిక చేయుదురు. అప్పుడు కణము ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును వెడలించి, ఇరుగుపొరుగు కణములను జాగ్రత్తపఱుచును. ఈ ఇంటర్‌ఫెరానును 1957లో లండనులో ఐజక్స్, లిండెన్‌మన్ అనువారు ఇన్‌ఫ్లుయెంజా వైరసుతో పరిశోధనలు చేయుచునే కనుగొనిరి. జ్వరమునకు ఒడలు నొచ్చుటయు, ఆకలి చచ్చుటయు చాలవఱకు ఈ హెచ్చరికల ఫలమే.

వైరసు దానికిని ఉపాయము పన్నినది. ఎన్.ఎస్.1 అను మఱియొక మాంసకృత్తును ఇదే ప్రవేశపు గుఱుతుతో నట్టింటిలోనికి పంపి, మన నకళ్లు పూర్తిగా తయారుగాకుండ చేయించును. హెచ్చరికపత్రము వ్రాయుచుండగానే కలము లాగుకొనినట్లగును. ఎవ్వరి నోరు ముందు మూయబడునో దానినిబట్టి రోగపు తీవ్రత కొంత నిర్ణయమగును.

పక్షి గుఱుతు, మనుష్య గుఱుతు

ఇంతవఱకు చెప్పినది ఒక యింటి కథ. ఇది ఊరి కథయు, దేశపు కథయు నగు టెట్లో చూతము. ఇన్‌ఫ్లుయెంజా ఎ జాతికి పుట్టినిల్లు బాతులు మొదలగు అడవి నీటిపక్షులు. వాని ప్రేగులలో అది చాలవఱకు కీడు చేయక నివసించును. మనకు తూర్పున సూళ్ళూరుపేట ప్రాంతమందు పులికాటు సరస్సు, నేలపట్టు చెరువు కలవు. చలికాలమున వలసపక్షుల నచట చూచి ఆనందింపని వారెవరు? ఆ పక్షులను మనము దోషులనరాదు. అయినను నీటిపక్షికి కోడి యెదురైనచోట, కోడికి మనుష్యు డెదురైనచోట, వైరసునకు క్రొత్త యిల్లు కనబడును.

2024 ఫిబ్రవరిలో మన పొరుగున నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలములందు కోళ్లకు ఈ పక్షిజ్వరము వచ్చినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చినవి. ఆ యేటి మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ హెచ్5ఎన్1 జాతి వైరసువలననే మరణించినది. పూనా నగరమందలి జాతీయ వైరసు పరిశోధనసంస్థ దానిని నిర్ధారించినది. ఆ బిడ్డ వంటకై తఱిగిన పచ్చిమాంసపు ముక్క నోట పెట్టుకొన్నట్లు వార్తలలో వచ్చినది. ఏ తల్లి హృదయము ఈ వార్త విని నిలుచును?

కోడి వైరసు మనుష్యులలో నిప్పువలె వ్యాపింపకుండుటకు కారణములు పెక్కు. అందొకటి మనము చెప్పుకొన్న ద్వారమే. పక్షుల పరిచారకులును మన పరిచారకులును ఒక్క పోలికవారు కారు. పక్షి వైరసులు ఇంపోర్టిన్ ఆల్ఫా 3 అనువానిని నమ్ముకొనునని, మనుష్యాది స్తన్యపాయి జంతువులకు అలవడిన వైరసులు ఆల్ఫా 7 అనువానిని ఆశ్రయించునని జర్మనీ దేశపు పరిశోధకులు 2011లో తెలిపిరి. పి.బి.2 మాంసకృత్తులో 701వ స్థానమున నుండు ఒక్క ఆమినో ఆమ్లము మారినను, వైరసు స్తన్యపాయిల ద్వారమున సుళువుగా దూరగలదు. 627వ స్థానమందలి మార్పు మఱియొకటి. అది లోపలి యంత్రమునకు మనుష్యకణపు సాయము లభించునట్లు చేయును. అందువలననే, పక్షిజ్వరము కనబడినచోటనెల్ల పండితులు ఆ వైరసు అక్షరములను చదివి, ఈ స్థానములందు మార్పు వచ్చెనా యని కాచుకొనియుందురు. ఒకమాఱు మనుష్య ద్వారములకు పూర్తిగా అలవడినదా, దానికి దేశముల యెల్లలు లేవు. 2009లో పందులనుండి వచ్చిన హెచ్1ఎన్1 వైరసు ఉత్తర అమెరికాలో తలయెత్తినది. మే నెల నడుమకే విమానయాత్రికునితో హైదరాబాదు చేరినది. మన దేశమున నిర్ధారింపబడిన మొదటి రోగి అచటనే. జూన్ 11న ప్రపంచారోగ్యసంస్థ దానిని మహామారిగా ప్రకటించినది.

గడియ యెక్కడ వేయవలెను?

దారి తెలిసినది గనుక, ఏ మందు ఏ వాకిట నిలుచునో ఇపుడు సులభముగా తెలియును. టీకా వీధివాకిటి కావలి. అది పుట్టించు రక్షకద్రవ్యములు హీమగ్లుటినినును పట్టుకొని, వైరసు కణము నంటకుండ చేయును. కాని వైరసు ఏటేట తన పైరూపు మార్చుకొనును గనుక టీకాయు ఏటేట వేయించుకొనవలెను. అమాంటడిన్ అను పాతమందు ఎం2 గొట్టమును మూసి, పులుపు లోనికి పోకుండ చేయుచుండెను. వైరసు దానిని గెలుచుటచే అది మూలబడినది. ఒసెల్టమివిర్ అనునది క్రొత్త వైరసులు ఇల్లు విడిచి పొరుగిండ్లకు పోకుండ అడ్డగించును. 2018లో జపానులో అనుమతి పొందిన బలోక్సవిర్ అనునది నట్టింటిలోనే పి.ఎ. కత్తెరను మొద్దుపఱచును, స్టాంపు కత్తిరింపలేని దొంగకు నట్టిల్లు దొరికినను లాభము లేదు.

ద్వారమునే మూసివేసిన నేమి యని పాఠకసోదరీమణులు అడుగవచ్చును. పరిశోధకులును అదియే ఆలోచించుచున్నారు. కాని ఆ ద్వారము మనది, ఆ పరిచారకులు మనవారు. వారిని కట్టివేసిన ఇంటివారికే అన్నపానములు నిలిచిపోవును. వైరసు గుఱుతును మాత్రము కప్పి, మన గుఱుతులను విడిచిపెట్టు మందు కావలెను. అందులోని చిక్కంతయు అదియే.

ఇక మన చేతిలోని పని. మిరియాలు, శొంఠి, తేనె గొంతునకు హాయి నిచ్చును. వానిని మానవలసిన పని లేదు. అవి కేంద్రకద్వారముకడ నిలిచి వైరసును ఆపునని మాత్రము నమ్మరాదు. ఆంటీబయాటిక్ మందులు బాక్టీరియాకే గాని వైరసునకు గావు. వైద్యుడు చెప్పక వానిని మ్రింగుట వ్యర్థమేగాక హానియు. జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. ఒసెల్టమివిర్ మొదటి రెండు దినములలో మొదలిడిన ఎక్కువ గుణమిచ్చును. ఏలయన, ఇన్ని ప్రవేశములు, ఇన్ని దొంగతనములు గంటలలో జరుగుచున్నవి. నాలుగవనాడు మేల్కొనిన చాలవఱకు పని జరిగియే యుండును. కావున గర్భిణులు, వృద్ధులు, పసివారు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు కలవారు పెనుజ్వరము వచ్చిననాడే వైద్యునికి చూపుకొనవలెను. ఎగఊపిరి, పెదవులు నీలమగుట, మగత, బిడ్డ పాలు త్రాగకుండుట, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టుట, ఇవి ఆసుపత్రికి పరుగెత్తవలసిన సూచనలు.

గర్భిణులు ఏ నెలలోనైనను ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొనవచ్చునని ప్రపంచారోగ్యసంస్థ తెలుపుచున్నది. ఆరు నెలలు నిండని బిడ్డకు టీకా లేదు. తల్లి రక్తమునుండి వచ్చిన రక్షకద్రవ్యములే దానికి మొదటి కవచము. గర్భిణికి మందేల యని అడ్డుచెప్పు అత్తగారలు ఈ యొక్క వాక్యమును మఱియొకసారి చదువ వేడుచున్నాము.

మాంసము వండు గృహములలో కోడికూరను లోపల ఎఱుపు కనబడనంతవఱకు ఉడికింపవలెను. 70 డిగ్రీల వేడిమి అంతట తగిలిన ఈ వైరసు నశించును. గ్రుడ్డును పచ్చసొన గట్టిపడువఱకు ఉడికింపవలెను. పచ్చిమాంసము తఱిగిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడిగినగాని కూరగాయలు ముట్టరాదు. పచ్చిముక్క పిల్లల చేతి కందనీయరాదు. చచ్చిన కోళ్లను చవుకగా వచ్చినవని కొనరాదు, పశువైద్యశాలకు తెలుపవలెను. రోగి పండుకొను గది కిటికీలు తెఱచియుంచవలెను. తుండుగుడ్డ, లోటా వేఱుగా నుంచవలెను. పరిచర్య చేయునప్పుడు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, పరిచర్య చేయు ఇల్లాలు వేళకు తినవలెను, నిదురింపవలెను. 1918లో మన ముత్తవ్వలకు ఆ పాటి హక్కును లేకపోయినది.

నేడు తిరుపతిలో 1983నుండి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము కలదు. 1993నుండి స్విమ్స్ వైద్యసంస్థ కలదు. 2015నుండి ఐసర్ అను శాస్త్రవిద్యాసంస్థ కలదు. కణద్వారముల కథను చదువుటయే గాక, వైరసు గుఱుతును మాత్రము కప్పు ఆ మందును వెదకు విద్య మన యాడపిల్లలకు ఇంటి వాకిటికి వచ్చియున్నది. పదవ తరగతితో చాలునని పిల్లను మాన్పింప దలచిన తలిదండ్రులు దీనిని గూర్చి ఒక్క రాత్రి ఆలోచింతురుగాక.